వృషభలాంఛనము

స్పెయిను దేశమున కొలదిమంది జనము గల చిన్న ఊరికి సైతము తనదైన పతాకమును, డాలు ఆకారమున గీచిన చిహ్నమును ఉండుట సామాన్యము. ఊరి కచేరి వాకిటను, పత్రముల శిరోభాగమునను ఆ చిహ్నము కానవచ్చును. క్రీ.శ. 12వ శతాబ్దమున యూరపు యోధులు తమ డాళ్లపై వ్రాయించుకొనిన బొమ్మలు వంశపారంపర్యముగ నిలిచి, క్రమముగ ఊళ్లకును సంక్రమించినవి. వానిలో కొన్ని పేరునకు తగిన బొమ్మలు. కాస్తీలు రాజ్యమునకు కోట, లియోనునకు సింహము, గ్రనడాకు దానిమ్మపండు గుర్తులు. ఆయా పేర్లు ఆ దేశభాషలో ఆ వస్తువులను స్ఫురింపజేయును.

మన గ్రామములకు ఇట్టి ఆచారము లేదు. అంతమాత్రమున మన పూర్వులకు ఈ విద్య తెలియదనుకొనరాదు. రాజశాసనములలో లాంఛనము వేరు, ధ్వజము వేరు. ముద్రపై ఉండునది లాంఛనము. ధ్వజముపై ఎగురునది మరియొకటి కావచ్చును. కదంబరాజులకు లాంఛనము సింహము, ధ్వజమున వానరము. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యులకు వరాహము లాంఛనము. విజయనగర ప్రభువులును దానినే స్వీకరించిరి. మన సీమకు మాత్రము వృషభము.

ఎచ్చెర్ల నుండి నాగావళిని దాటి, శ్రీకాకుళము మీదుగ ఉత్తరమునకు సాగినచో వంశధార యొడ్డున శ్రీముఖలింగమను గ్రామము కలదు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములను చూడ వచ్చువారే నేడు ఆ ఊరికి ఎక్కువ. ఒకప్పుడది కళింగనగరము, తూర్పు గాంగరాజులకు రాజధాని. వారు తమ పేర ఒక శకమునే నడపిరి. అది క్రీ.శ. 5వ శతాబ్దపు చివర ఆరంభమైనది. వారి కులదైవము మహేంద్రగిరిపై వెలసిన గోకర్ణస్వామి. ఆ పర్వతము నేడు ఒడిశాలో చేరియున్నను, మన మందస ప్రాంతమునకు చేరువనే యున్నది.

అనంతవర్మ చోడగంగదేవుని శాసనమొకటి శాలివాహన శకము 1040వ సంవత్సరమున, అనగా క్రీ.శ. 1118-19లో, పుట్టినది. అందొక వృత్తాంతము కలదు. వంశకర్తయగు కామార్ణవుడు నలుగురు తమ్ములతో మహేంద్రగిరి నెక్కి, గోకర్ణస్వామిని కొలిచి, ఆ దేవుని యనుగ్రహమున వృషభలాంఛనమును పడసి, కొండ దిగివచ్చి కళింగమును జయించెనట. ఇది ఎంతవరకు చరిత్రమో, ఎంతవరకు వంశకీర్తనమో విడదీయుట కష్టము. ఒక్కటి మాత్రము స్పష్టము: రాజ్యము లభించుటకు ముందే లాంఛనము లభించినదని చెప్పుకొనుట ఆ వంశమువారికి అవసరమైనది. శివుని వాహనమును ముద్రపై నుంచుకొనువాడు శివుని ప్రతినిధిగ ఏలువాడని ప్రజలు గ్రహింపవలెను గదా!

ఈ ముద్ర గోడపై వ్రేలాడదీసెడి అలంకారము కాదు. రాజు ఒక గ్రామమునో, కొంత భూమినో దానము చేసినప్పుడు ఆ సంగతిని రాగిరేకులపై చెక్కించెడివారు. సాధారణముగ మూడు రేకులుండును. మొదటి రేకు పైవైపును, కడపటి రేకు వెనుకవైపును వ్రాత లేకుండ విడిచెడివారు; అక్షరములు అరిగిపోకుండుట కిది ఉపాయము. రేకుల ఎడమ అంచున రంధ్రము చేసి, వానిగుండ రాగికడియమును దూర్చి, దాని రెండు కొనలను ముద్ర అడుగున చేర్చి అతికెడివారు. ముద్ర ముఖమున పరుండిన వృషభము, చంద్రరేఖ ఉబ్బెత్తుగ కనబడును. తరువాతి గాంగుల ముద్రలు కొన్నిటిలో శంఖము, చామరములు, ఛత్రము, అంకుశము మొదలగునవియు వృషభముచుట్టు చేరినవి. చక్కని పనితనమే, కాని దాని ప్రయోజనము వేరు.

దానము పొందినవానికి ఆ రేకులే ఆధారము. రాజు మారవచ్చును, సాక్షులు గతింపవచ్చును. మూడు తరముల పిమ్మట పొలిమేర వివాదము వచ్చినచో మనుమడు చూపవలసినది ఆ రాగిరేకులనే. భూమినిచ్చు రాజు వస్త్రముపైనో, రాగిరేకుపైనో వ్రాయించి తన ముద్ర వేయవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. కూటశాసనమును, అనగా దొంగశాసనమును, పుట్టించినవానికి మనువు మరణదండన చెప్పెను. ఇంతటి శిక్ష చెప్పవలసివచ్చెననగా అట్టివారు ఉండిరనియే కదా!

ఉండిరి కూడ. ఉత్తరప్రదేశములోని మధుబన్‌లో దొరకిన హర్షచక్రవర్తి శాసనము క్రీ.శ. 631 ప్రాంతమునాటిది. సోమకుండిక యను గ్రామమును వామరథ్యుడను బ్రాహ్మణుడు కూటశాసనముతో అనుభవించుచుండగా, హర్షుడు ఆ రేకును విరుగగొట్టించి, గ్రామమును వేరొక యిరువురికి ఇచ్చినట్లు దానియందు కలదు. హర్షుని ముద్రపైనను వృషభమే యుండుట వింత. బాణుడు తన హర్షచరితమున ఆ ముద్రనుగూర్చి ముచ్చటయైన సంగతి చెప్పెను. పూర్వపు కరణము వంటి గ్రామాధికారి యొకడు క్రొత్తగ చేయించిన బంగారుముద్రను రాజునకు సమర్పింపగా, అది చేజారి నేలపై బోర్ల పడి మట్టిలో అచ్చు దించెను. కొలువువారు అపశకునమని కలతపడిరి. రాజు మాత్రము భూమియంతయు తన యేకముద్రచే అంకితమగునని భావించెను.

కావున వృషభమును చూచినంతనే ఇది గాంగులదని నిర్ణయింపరాదు. లిపి, సంవత్సరము, దైవస్తుతి మొదలగువానినన్నిటిని శాసనపరిశోధకులు పోల్చిచూతురు. వీనికన్న ముందు వారు చూచునది కడియము. అది తెగకుండ నుండెనా, రేకులలో ఒకటి మార్చబడలేదనుటకు బలమైన సాక్ష్యము. తెగియుండెనా, అనుమానమునకు త్రోవ కలదు. రేకులకు మసిపూసి కాగితముపై అచ్చు తీయుటకు కడియమును పరిశోధకుడే కోయవలసివచ్చినచో, ఆ మాటను గూడ వ్రాసి యుంచును. దున్నుచుండగా నాగలికి తగిలిన రేకులను, లోన బంగారముండునను ఆశతో, కంసాలిచే కోయించినవారు లేకపోలేదు. 1878 సంవత్సరపు నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము భూమిలో దొరకినచో దొరకించుకొనినవాడు కలెక్టరునకు తెలుపవలెను. పాతరాగి తూకమునకు పోయిన ముద్రలెన్నియో లెక్క లేదు. ముద్ర ఊడి, రేకులు మాత్రము మిగిలిన చోట, ఏ గ్రామము ఎవరికి ఇచ్చిరో చదువవచ్చును. ఆ చేతులలోనికి వచ్చునాటికి ఆ రేకులు మొదటివేనా యను ప్రశ్నకు మాత్రము ఖాళీ రంధ్రములే కనబడును.