పేరు కొన్నంత మాత్రాన వ్యాపారం సాగదు

సూరత్: తపతీ నదికి ఆవలి ఒడ్డున, హజీరా పారిశ్రామిక ప్రాంతానికి వెళ్లే దారిలో ఇచ్ఛాపూర్ ఉంది. గుజరాత్ హీరా బోర్స్ ఏర్పాటు చేసిన రత్నాభరణాల పార్కు కారణంగా ఈ ఊరి పేరు వజ్ర వర్తకులందరికీ పరిచితమైంది. ప్రపంచంలో సానపట్టే ప్రతి పది వజ్రాలలో సుమారు తొమ్మిది సూరత్ పరిసరాలలోనే మెరుగు దిద్దుకుంటాయని వర్తకుల అంచనా. అయితే రాయికి మెరుపునిచ్చే చేతులు ఇక్కడ ఉన్నా, దానిని ఉంగరంలో పొదిగి కొనుగోలుదారునికి అమ్మే దుకాణాలు ఎక్కువగా విదేశాలలోనే ఉన్నాయి.

గిరాకీ పడిపోవడంతో 2023 అక్టోబరు 15 నుంచి డిసెంబరు 15 వరకు ముడి వజ్రాల దిగుమతిని పరిశ్రమ స్వచ్ఛందంగా నిలిపివేసింది. 2025 ఆగస్టులో అమెరికా అనేక భారతీయ సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఇటువంటి దెబ్బ తగిలినప్పుడల్లా మొదట కుదేలయ్యేది చిన్న వ్యాపారే. మధ్యవర్తుల ప్రమేయం లేకుండా ఇంటర్నెట్ ద్వారా కొనుగోలుదారుని నేరుగా చేరుకోవాలన్న ఆలోచన అతనికి కలగడం సహజం. ఆ ప్రయత్నంలో ఎదురయ్యే మొదటి ప్రశ్న: వెబ్‌సైట్‌కు ఏ పేరు పెట్టాలి?

అమ్మే సరుకు పేరునే వెబ్‌సైట్ చిరునామాగా, అంటే డొమైన్ నామంగా పెట్టుకోవడం ఒక పద్ధతి. వజ్రాలు అమ్మేవారు వజ్రం అన్న మాటను, చీరలు అమ్మేవారు చీర అన్న మాటను, దానికి ఊరి పేరును జోడించి నమోదు చేసుకుంటారు. ఇంటర్నెట్‌లో వెతికేవారు టైపు చేసే కీలక పదమే చిరునామాలోనూ ఉంటే, వారు తిన్నగా తమ గుమ్మంలోకే వస్తారన్నది ఇందులోని ఆశ.

ఈ ఆశకు పెద్ద చరిత్రే ఉంది. 1995 సెప్టెంబరులో అమెరికాలో డొమైన్ నామాల నమోదుకు రుసుము విధించినప్పుడు అది రెండేళ్లకు 100 డాలర్లు మాత్రమే. నాలుగేళ్లు తిరిగేసరికి, 1999లో, బిజినెస్ డాట్ కామ్ అన్న పేరు 75 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. డైమండ్ డాట్ కామ్ కూడా 2006లో అంతే మొత్తానికి చేతులు మారింది.

అదే వజ్రాల వ్యాపారంలో ఇందుకు భిన్నమైన ఉదాహరణ కూడా ఉంది. అమెరికాలోని సియాటిల్‌లో ఇంటర్నెట్ డైమండ్స్ అన్న పేరుతో నడిచిన సంస్థ 1999లో ఆ పేరును వదులుకొని, వజ్రాలతో ఏ సంబంధమూ లేని బ్లూ నైల్ అన్న పేరు పెట్టుకుంది. ఆన్‌లైన్ వజ్రాల వ్యాపారంలో అగ్రగామిగా ఎదిగిన ఆ సంస్థను 2022లో సిగ్నెట్ జ్యుయెలర్స్ 36 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. సరుకు పేరుకన్నా, తనదంటూ ఒక పేరు ఉండడమే మేలని ఆ సంస్థ యాజమాన్యం భావించినట్లు దీనివల్ల స్పష్టమవుతోంది.

కీలక పదాల డొమైన్ల ప్రాభవానికి 2012 సెప్టెంబరులో గట్టి దెబ్బ తగిలింది. వెతికే మాటకు చిరునామా సరిగ్గా సరిపోయినా, లోపల సరుకు లేని నాసిరకం వెబ్‌సైట్లను ఫలితాలలో వెనక్కి నెట్టేలా గూగుల్ తన విధానాన్ని మార్చింది. అప్పటి నుంచి బోర్డు మీది పేరు ఒక్కటే చూపి ముందు వరుసలో నిలవడం కష్టమైంది.

న్యాయస్థానాల వైఖరి ఇంతకన్నా గమనించదగినది. సత్యం ఇన్ఫోవే సంస్థ తన పేరులోని అక్షరాలతో కూర్చుకున్న సిఫీ అన్న మాటను పోలిన సిఫ్ఫీనెట్ అన్న పేరును మరొకరు వాడగా, 2004 మేలో సుప్రీం కోర్టు సత్యం ఇన్ఫోవే పక్షాన తీర్పు చెప్పింది. వాణిజ్య చిహ్నానికి లభించే రక్షణ డొమైన్ నామానికీ వర్తిస్తుందని ఆ తీర్పు స్థిరపరచింది. కాగా షాదీ డాట్ కామ్ యాజమాన్యం సెకండ్ షాదీ డాట్ కామ్‌పై దావా వేసినప్పుడు, బొంబాయి హైకోర్టు 2016లో నిషేధపుటుత్తర్వు ఇవ్వడానికి నిరాకరించింది. షాదీ అంటే పెళ్లి. పెళ్లి సంబంధాలు చూసే వ్యాపారంలో ఆ మాటపై గుత్తాధిపత్యం ఎవరికీ చెల్లదన్నది అందులోని సారాంశం.

దీనికి మినహాయింపు లేకపోలేదు. నౌక్రీ డాట్ కామ్‌ను పోలిన నౌకరీ అన్న పేరు విషయంలో ఢిల్లీ హైకోర్టు 2002లో ఉత్తర్వు ఇచ్చి అడ్డుకుంది. నౌక్రీ మామూలు మాటే అయినా, ఆ సంస్థ పేరుగా జనంలో పాతుకుపోయిందని న్యాయస్థానం గుర్తించింది. బుకింగ్ డాట్ కామ్ విషయంలో అమెరికా సుప్రీం కోర్టు 2020లో ఇటువంటి అభిప్రాయమే వ్యక్తం చేసింది. అయితే అంతటి గుర్తింపు తెచ్చుకోవడానికి ఏళ్ల తరబడి పెట్టిన ప్రచార వ్యయం చిన్న వ్యాపారికి అందేది కాదు.

పేరులో సరుకును చెప్పినప్పుడు బాధ్యత కూడా పెరుగుతుంది. ప్రయోగశాలలో తయారయ్యే వజ్రాలకు సూరత్ నేడు ప్రధాన కేంద్రం. వాటి తయారీకి వాడే బీజాలపై దిగుమతి సుంకాన్ని 2023-24 కేంద్ర బడ్జెట్‌లో రద్దు చేశారు. అటువంటి వజ్రాలను ఆ సంగతి స్పష్టంగా తెలపకుండా ఆన్‌లైన్‌లో ప్రచారం చేస్తున్నారంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లో ఎనిమిది సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపింది. కనుక చిరునామాలో వజ్రం అని రాసుకున్నవారు అది గనిలో దొరికిందో, యంత్రంలో పుట్టిందో కూడా చెప్పి తీరాలి.

చిన్న వ్యాపారి తరచుగా ఏమరుపాటు చూపేది మరో విషయంలో. డాట్ ఇన్ నామాల నమోదు 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇందుకు అయ్యే ఖర్చు స్వల్పం. కానీ డొమైన్ నామం కొన్న స్థలం వంటిది కాదు, కౌలు వంటిది. ఏటా, లేదా నిర్ణీత కాలానికి, రుసుము కట్టి పునరుద్ధరించుకోవాలి. వెబ్‌సైట్ తయారు చేసిన వ్యక్తి తన పేరిటే నమోదు చేసుకుంటే, రికార్డులలో యజమాని అతడే అవుతాడు. గడువు దాటి, ఆ తరువాత ఇచ్చే వ్యవధి కూడా ముగిస్తే ఆ పేరు ఎవరైనా తీసుకోవచ్చు. దానిని తిరిగి రాబట్టుకోవడానికి వివాద పరిష్కార విధానాలు ఉన్నా, ఆ పేరుపై తనకు హక్కు ఉన్నదనీ, ఎదుటివాడు దురుద్దేశంతో వ్యవహరించాడనీ ఫిర్యాదుదారు రుజువు చేయాలి. అందరికీ చెందిన మాట విషయంలో ఆ రుజువు ఎంతో కష్టం.

సరుకును అందరికన్నా స్పష్టంగా చెప్పే పేరుకే చట్టంలో అందరికన్నా తక్కువ రక్షణ ఉండడం ఈ వ్యాపారంలోని విచిత్రం. సూరత్ మరమగ్గాలపై బతుకుతున్న తెలుగు నేతన్నలకైనా, పోచంపల్లి చీరల వర్తకులకైనా ఇదే వర్తిస్తుంది. కీలక పదం బాటసారికి దారి చూపే బోర్డుగా పనికివస్తుంది. ఒకసారి కొన్నవాడు మళ్లీ రావాలంటే మాత్రం అతనికి గుర్తుండవలసింది సరుకు పేరు కాదు, అమ్మినవాడి పేరు.