రేడియో సంకేతముల పొట్లములు

దూరదేశములందలి రేడియో దూరదర్శినులు ఆకాశములోని ఒక్క చోటినే ఏకకాలమున చూచి, తమ సంకేతములను కలుపుకొన్నచో, అవి భూగోళమంత గొప్ప దూరదర్శినివలె పనిచేయును. ఈ పద్ధతికి వి.ఎల్.బి.ఐ. అని పేరు. అయితే ఒక్కొక్క తావున యంత్రములు ఒక్కొక్క రీతిగా అంకెలను వ్రాయుచుండుటచే, వానిని కలుపుట మిగుల కష్టముగా నుండెను. ఈ చిక్కు తీర్చుటకై శాస్త్రజ్ఞులు 2009వ సంవత్సరమున మాడ్రిడ్ నగరమున వి.డి.ఐ.ఎఫ్. అను ఉమ్మడి పద్ధతిని అంగీకరించిరి. దానిని గూర్చి మేమిచ్చట కొంత వివరింపదలచితిమి.

పరీక్షలో విడికాగితములపై జవాబులు వ్రాసి, దారము కట్టక ఇచ్చితిరనుకొందము. అవి గాలికి చెదరినచో, ప్రతి కాగితముపైనను విద్యార్థి సంఖ్యయు పుటసంఖ్యయు ఉండిననేగాని ఉపాధ్యాయుడు వానిని తిరిగి కూర్చజాలడు. నెట్‌వర్కులో పోవు పొట్లములును అట్టివే. కొన్ని త్రోవలో నశించును. కొన్ని ముందువెనుకలుగా చేరును.

కావున ఈ పద్ధతిలో ప్రతి పొట్లమునకును సామాన్యముగా 32 బైట్ల శీర్షభాగము కలదు. అందు మొదటిది కాలము. 2000వ సంవత్సరము మొదలు ఆరేసి నెలలకొక గుర్తుకాలము నేర్పరచి, దానినుండి ఎన్ని సెకనులు గడచెనో వ్రాయుదురు. రెండవది, ఆ సెకనులో ఇది ఎన్నవ పొట్లమో తెలుపు సంఖ్య. ఇది ప్రతి సెకనునకును సున్నతో ఆరంభమగును. మూడవది, పంపిన కేంద్రపు గుర్తు. నాలుగవది, పొట్లము పొడవెంత, నమూనా యొక్కటికి ఎన్ని బిట్లు అను వివరము. దత్తాంశము చెడినదని తెలుపుటకు ఒక బిట్టును ప్రత్యేకించిరి.

ఇంత వ్రాత భారము కాదా యని కొందరడుగవచ్చును. లెక్క చూతము. సెకనునకు 409 కోట్ల 60 లక్షల నమూనాలు తీసి, ఒక్కొక్కదానిని 2 బిట్లలో వ్రాసినచో 102 కోట్ల 40 లక్షల బైట్లగును. పొట్లమునకు 8,192 బైట్ల చొప్పున సరిగా 1,25,000 పొట్లములు. శీర్షభాగము దత్తాంశములో 256వ వంతు మాత్రమే. ఒక పొట్లము పోయినను మిగిలినవి తమతమ కాలమును తప్పవు. శీర్షము లేనిచో, పోయినదాని వెనుక వచ్చునవన్నియు స్థానము తప్పి, సెకనంతయు వ్యర్థమగును.

2017 ఏప్రిలులో హవాయి, చిలీ, స్పెయిను మొదలగు చోట్ల దూరదర్శినులు ఈ పద్ధతినే వాడెను. దత్తాంశము అత్యధికమగుటచే, దానిని తంతులద్వారా గాక డిస్కులలో నింపి విమానములపై పంపిరి. ప్రతి పొట్లమును తన సంగతి తానే చెప్పుకొనగలదు గనుక, మార్గము మారినను కార్యము చెడలేదు. 2019 ఏప్రిలు 10న కృష్ణబిలపు మొదటి చిత్రమును లోకము చూచెను.

విద్యార్థులారా, ఇతరులకు ఏదైన పంపదలచినవారు, పుచ్చుకొనువారికి ఏమి తెలియదో ముందుగా యోచింపవలయును. మంచి పొట్లమునకును మంచి జాబునకును ఇదియే మొదటి నియమము.