పాత స్టీరియోకి కొత్త టీవీ కలపాలా? ‘డాక్’ కొనే ముందు ఇవి చూసుకోండి

గల్ఫ్ నుంచి అబ్బాజానో, మామూజానో తెచ్చిన మ్యూజిక్ సిస్టమ్ ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. స్పీకర్లు బాగానే ఉంటాయి, ఆంప్లిఫయర్ పనిచేస్తుంది. కానీ టీవీకి కలుపుదామంటే చాలా కొత్త టీవీలకు సౌండ్ బయటికిచ్చే ఎరుపు, తెలుపు సాకెట్లు ఉండడం లేదు. మక్కా నుంచి తరావీహ్ లైవ్ అయినా, ఖవ్వాలీ అయినా టీవీ చిన్న స్పీకర్లలోనే వినాల్సి వస్తోంది. ఇలాంటి చోట పనికొచ్చేదే డాక్, అంటే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్.

అసలు ఇది చేసేదేంటి?

ఫోన్, టీవీ, సీడీల్లో శబ్దం అంకెల రూపంలో ఉంటుంది. సీడీలో అయితే సెకనుకు 44,100 సార్లు కొలిచిన అంకెలు. స్పీకర్‌కు అంకెలు పనికిరావు, కరెంటు హెచ్చుతగ్గులు కావాలి. ఆ మార్పిడి చేసేదే డాక్. సీడీ ప్లేయర్‌లో, బ్లూటూత్ స్పీకర్‌లో, హెడ్‌ఫోన్ సాకెట్ ఉన్న ప్రతి ఫోన్‌లో ఇది ముందే ఉంటుంది.

అందుకే ముందు టీవీ వెనకాల చూడండి. హెడ్‌ఫోన్ సాకెట్ ఉంటే ఒక వైరుతో పని అయిపోతుంది. బుస్సుమనే శబ్దం రాకపోతే వేరే డాక్ అక్కర్లేదు.

కొనాల్సి వస్తే

• టీవీకి అయితే ఆప్టికల్ ఇన్‌పుట్, ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో అయితే యూఎస్‌బీ ఉన్నది తీసుకోండి. ల్యాప్‌టాప్ నుంచి గుయ్‌మనే శబ్దం వస్తుంటే, దానికి ఆప్టికల్ సాకెట్ ఉంటే అదే వాడండి. ఆ వైరులో వెళ్లేది వెలుగే, కరెంటు కాదు.

• టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ అవుట్‌పుట్‌ను ‘పీసీఎం’కి మార్చండి. డాల్బీలో ఉంటే మామూలు డాక్ నుంచి శబ్దమే రాకపోవచ్చు. డబ్బా పాడైందని వాపసు చేసే ముందు ఇది చూడండి.

• చాలా టీవీల్లో ఆప్టికల్ శబ్దం టీవీ రిమోట్‌తో తగ్గదు. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే, సిస్టమ్‌కు రిమోట్ లేకపోతే, రిమోట్ ఉన్న డాక్ మేలు.

• సిస్టమ్‌లో ‘ఆక్స్’ సాకెట్‌కే కలపండి. ‘ఫోనో’ అన్నది రికార్డ్ ప్లేయర్ కోసం, అందులో పెడితే శబ్దం పగిలిపోతుంది.

పెద్ద అంకెలకు పడిపోవద్దు

అట్టపెట్టె మీద 32 బిట్, 384 కిలోహెర్ట్జ్ అని ఉంటుంది. సీడీది 16 బిట్, అదే దాదాపు 96 డెసిబెల్స్ వ్యత్యాసాన్ని చూపిస్తుంది. మనిషి చెవి వినేది 20 కిలోహెర్ట్జ్ దాకా, వయసు పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది. అమెరికాలో బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరాన్ 2007లో ప్రచురించిన పరీక్షలో, సీడీ కంటే ఎక్కువ అంకెలున్న రికార్డింగ్‌ను సీడీ స్థాయికి దించి వినిపించారు. ఏది ఏదో శ్రోతలు సరిగ్గా చెప్పింది దాదాపు సగం సార్లే. బొమ్మా బొరుసా వేసినా అంతే వస్తుంది.

టీవీ ఆప్టికల్‌ను ఎరుపు, తెలుపు సాకెట్లకు మార్చే చిన్న డబ్బా వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. లక్ష దాటిన డాక్‌లూ ఉన్నాయి. బుస్సు, గుయ్ లేకుండా శుభ్రంగా పనిచేసే మామూలు డాక్ దొరికితే చాలు, ఆపైన పెట్టేది చాలావరకు ఇస్రాఫే. చెవికి తేడా తెలిసేది స్పీకర్లతో, వాటిని గదిలో పెట్టే తీరుతో. మిగిలిన డబ్బు అక్కడ పెట్టండి.