పునాది తవ్వకముందే మురుగు దారి తెలుసుకోవాలి

కుటుంబం పెరిగేకొద్దీ ఇల్లు ఇరుకవుతుంది. కుమారునికి వివాహం నిశ్చయమైతే పెరట్లో మరో గది వేయాలన్న ఆలోచన కలుగుతుంది. సిమెంటుకు, ఇనుముకు, కూలికి లెక్కలు వేసుకుంటాం. ఆ నేల కింద ఏముందన్న ప్రశ్న మాత్రం చాలామందికి తట్టదు.

హైదరాబాద్ పాతబస్తీ సంగతే చూడండి. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద రక్షణతో పాటు మురుగునీటి పారుదలకూ ప్రణాళిక రూపొందించారు. ఆపై దశాబ్దాలలో భూగర్భ గొట్టాలు పడ్డాయి. కాలక్రమంలో పెద్ద లోగిళ్లు అన్నదమ్ముల వాటాలుగా విడిపోయాయి. మధ్యలో గోడలు లేచాయి. నేల కింది మురుగు దారి మాత్రం చాలాచోట్ల ఉమ్మడిగానే మిగిలింది. కనుక మీ పెరటి గుండా పోయే గొట్టంలో పారేది మీ ఇంటి నీరు మాత్రమే కాకపోవచ్చు.

పాత గొట్టాలలో అనేకం కాల్చిన మట్టివి. వాటిపై పిల్లరు బరువు పడితే పగులుతాయి, అతుకులు విడిపోతాయి. కారిన నీరు చుట్టూ మట్టిని కోసుకుపోగా కొత్త పునాదే కుంగుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటుంది. కుళాయి నీరు రోజులో కొంతసేపే వచ్చే చోట, నీరు ఆగిన వేళ మంచినీటి పైపు తన పగుళ్ల ద్వారా చుట్టూ ఉన్న మురికిని లోపలికి పీల్చుకుంటుంది. కామెర్లు, టైఫాయిడ్, కలరా ఈ మార్గంలోనే ఇంట్లోకి ప్రవేశిస్తాయి.

గొట్టం జాడ తెలుసుకోవడం అసాధ్యమేమీ కాదు. మొదట ఇంటి పాత ప్లాను, వాటాల దస్తావేజులు వెతకండి. వీధిలోని లైను వివరాలు హైదరాబాద్‌లో జలమండలి కార్యాలయంలో, ఇతర పట్టణాలలో పురపాలక కార్యాలయంలో అడగండి. ఆ లోగిలిలో పెరిగిన పెద్దలను విచారించండి. తరువాత ఇంట్లోని ఛాంబర్లను, వీధిలోని మ్యాన్‌హోల్‌ను గుర్తించండి. పద్ధతిగా వేసిన లైనులో మలుపు తిరిగే ప్రతిచోటా ఛాంబరు ఉంటుంది. కాబట్టి రెండు ఛాంబర్ల నడుమ తాడు లాగితే గొట్టం దారి దాదాపుగా తెలుస్తుంది. స్నానాలగదిలో రంగు కలిపిన నీరు పోసి అది ఏ ఛాంబరులో తేలుతుందో చూస్తే అనుమానం తీరుతుంది. పొరుగింటి వారి సమ్మతితో అక్కడా ఇదే పరీక్ష చేయించండి.

లోతు తెలుసుకోవడానికి పొడవైన కర్రతో పైనుంచే కొలవండి. నేల సమతలంగా ఉండి, ఒక ఛాంబరులో గొట్టం 2 అడుగుల లోతున, తరువాతి దానిలో 3 అడుగుల లోతున ఉంటే మధ్యలో సుమారు రెండున్నర అడుగులు అనుకోవచ్చు. దారి ఇంకా తేలకపోతే గొట్టంలోకి కెమెరా పంపి చూసే నిపుణులను పిలవాలి. చివరగా పునాది గీత మీద పలుగును మెల్లగా వాడుతూ చిన్న గుంత తవ్వించి కళ్లారా చూడాలి. ఇక్కడ యంత్రం వాడరాదు.

ఒక హెచ్చరిక. వీధి మ్యాన్‌హోల్ మూత మీరు తెరవవద్దు. ఆ పని సంబంధిత సిబ్బందిదే. ఇంటి ఛాంబరు వద్ద నిప్పు ఉండకూడదు, పిల్లలను దూరంగా ఉంచాలి. మురుగు గుంతలోకి ఏ మనిషినీ దించవద్దు. అందులోని విషవాయువు అధికమైతే ముక్కు వాసన గ్రహించే శక్తినే కోల్పోతుంది. దిగినవారికి ప్రమాదం తెలిసేలోపే ప్రాణం పోతుంది. రక్షణ లేకుండా మనుషులను మురుగు కాలువలలోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది.

గొట్టం బయటపడితే మార్గాలున్నాయి. గదిని కొంత జరపవచ్చు. పిల్లర్లను గొట్టానికి ఇరువైపులా దూరంగా నిలిపి, బరువు దానిపై పడకుండా బీము వేయవచ్చు. అనుమతి తీసుకుని లైనునే మళ్లించవచ్చు. ఛాంబరును మాత్రం గది గచ్చు కింద పూడ్చివేయరాదు; రేపు అడ్డుపడితే గచ్చు పగలగొట్టవలసి వస్తుంది. ఏ మార్గమైనా ఇంజనీరు సలహాతోనే సాగాలి.

ఆ గొట్టం అన్నదమ్ములదో, పొరుగువారిదో అయితే పని మొదలుకాకముందే వారితో కూర్చుని మాట్లాడండి. ఎక్కడ మళ్లిస్తారో, ఖర్చు ఎవరిదో, మరమ్మతుకు దారి ఎటో కాగితంపై రాసుకోండి. మన గది వెడల్పు కావడం కోసం పొరుగింటి మురుగు వారి వాకిట్లో పొంగడం న్యాయం కాదు. ఆ రాతప్రతిని, గొట్టం దారి గీసిన చిత్రాన్ని ఇంటి దస్తావేజులతో కలిపి భద్రపరిస్తే, మీ తరువాతివారు మళ్లీ వెతుక్కోవలసిన అవసరం రాదు.