సోనార్ అంటే ఏమిటి? మునిగిన బోటు జాడ తెలిశాక కూడా బయటకు తీయడానికి అన్ని రోజులెందుకు?

నదిలో బోటు మునిగినా, సముద్రంలో విమానం కూలినా రెండో రోజుకల్లా వార్తల్లో ఒక మాట వినిపిస్తుంది: ‘సోనార్ బృందాలు రంగంలోకి దిగాయి’. ఇంకో రోజుకో, రెండు రోజులకో ‘ఆచూకీ దొరికింది’ అని స్క్రోలింగ్ వస్తుంది. ఒడ్డున ఎదురుచూస్తున్న కుటుంబాల్లో అప్పుడే అసలు ప్రశ్న మొదలవుతుంది. ఎక్కడుందో తెలిసిపోయింది కదా, మరి ఎందుకు తీయరు?

2019 సెప్టెంబర్ 15న పాపికొండల విహారానికి బయల్దేరిన రాయల్ వశిష్ట బోటు, అప్పటి తూర్పుగోదావరి జిల్లా దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగిపోయింది. 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. బోటు రెండు వందల అడుగులకు పైగా లోతున ఉన్నట్లు సైడ్ స్కాన్ సోనార్ తొలి రోజుల్లోనే చూపించింది. కానీ అది నీటిపైకి వచ్చింది మాత్రం అక్టోబర్ 22న, అంటే 38వ రోజున. సోనార్ ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో తెలిస్తే ఈ ఎడం ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది.

నీళ్లలో కెమెరా, రాడార్ ఎందుకు పనికిరావు?

వరద రోజుల్లో గోదావరి ఎర్రనీటిలో చేయి ముంచితే మోచేయి దాటాక వేళ్లు కనిపించవు. ఇక అడుగున ఉన్న బోటును కెమెరా ఏం చూస్తుంది? నీరు ఎంత తేటగా ఉన్న సముద్రంలోనైనా 200 మీటర్లు దాటితే వెలుతురు దాదాపు ఉండదు, వెయ్యి మీటర్ల కింద పూర్తి చీకటి. రాడార్, జీపీఎస్, మన ఫోన్ సిగ్నల్ అన్నీ రేడియో తరంగాలే. వాటిని నీరు తొందరగా మింగేస్తుంది. ఉప్పునీరైతే మరీను. ఫోన్ నీళ్లలో పడిపోయిన మరుక్షణం సిగ్నల్ ఉండదు, లొకేషన్ కూడా అక్కడితో ఆగిపోతుంది.

ఇలాంటి చోట మిగిలేది శబ్దం. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తే, నీటిలో సుమారు 1,500 మీటర్లు వెళ్తుంది. నాలుగు రెట్లకు పైగా వేగం. పైగా నీటిలో అది చాలా దూరం బతికి ఉంటుంది. ఈ వేగాన్ని 1826లోనే జెనీవా సరస్సులో కొలిచారు. ఒక పడవ నుంచి నీటిలోకి దించిన గంటను కొడుతూ, అదే క్షణంలో మందుగుండు వెలిగించారు. దూరంగా ఇంకో పడవలో ఉన్నవాళ్లు వెలుగు కనబడినప్పటి నుంచి గంట వినబడేవరకు సమయం లెక్కపెట్టారు. అంతే! గంట, గడియారం, రెండు పడవలతో వచ్చిన లెక్క ఇప్పటి అంకెకు చాలా దగ్గరగా ఉంది.

కేక వేసి, జవాబు కోసం ఆగడం

సోనార్ అనేది సౌండ్ నావిగేషన్ అండ్ రేంజింగ్ అనే మాటలకు పొట్టి పేరు. కొండల ముందు నిలబడి కేక వేస్తే ప్రతిధ్వని వస్తుంది కదా, సూత్రం అదే. పరికరం నీటిలోకి ఒక చిన్న శబ్దం వదులుతుంది. దీన్నే పింగ్ అంటారు. అది అడుగునో, రాయినో, బోటునో తాకి వెనక్కి వస్తుంది. వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని వేగంతో గుణించి, రెండుతో భాగిస్తే దూరం వస్తుంది. కచ్చులూరు లోతును 210 అడుగులు, అంటే 64 మీటర్లు అనుకుందాం. పింగ్ కిందికి వెళ్లి పైకి రావడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు.

దూరం తెలిసింది, దిక్కు ఎలా తెలుస్తుంది? శబ్దాన్ని అన్ని వైపులా చల్లకుండా టార్చిలైటులా ఒక వైపే పంపుతారు. లేదంటే వరుసగా అమర్చిన చాలా రిసీవర్లతో వింటారు. ఏ రిసీవర్‌కు ప్రతిధ్వని ముందు చేరింది, దేనికి వెనక చేరింది అన్న సూక్ష్మమైన తేడాను బట్టి అది ఏ కోణం నుంచి వచ్చిందో కంప్యూటర్ పట్టేస్తుంది. చీకట్లో మన రెండు చెవులు చేసే పని కూడా దాదాపు ఇదే.

స్క్రీన్ మీద కనిపించే ఆ బొమ్మ ఏమిటి?

గాలింపులో ఎక్కువగా వాడేది సైడ్ స్కాన్ సోనార్. చేప ఆకారంలో ఉండే ఒక పరికరాన్ని కేబుల్‌కు కట్టి, పడవ వెనక నీటిలో లాగుతూ వెళ్తారు. అది కుడి, ఎడమ వైపులకు విసనకర్రలా శబ్దాన్ని పరుస్తుంది. ప్రతి పింగ్‌కూ అడుగు భాగం నుంచి ఒక సన్నని గీత తయారవుతుంది. పడవ ముందుకు సాగేకొద్దీ ఆ గీతలు పక్కపక్కన చేరి బొమ్మ అవుతుంది. ఇనుము, రాయి లాంటి గట్టి వస్తువులు ప్రతిధ్వనిని బలంగా తిప్పికొడతాయి. మెత్తని బురద మింగేస్తుంది.

ఈ బొమ్మలో నిపుణులు వస్తువు కంటే ఎక్కువగా నీడను చూస్తారు. అడుగున పడి ఉన్న బోటు వెనక శబ్దం చేరని చోటు నల్లగా మిగిలిపోతుంది. సాయంత్రం ఎండకు కరెంటు స్తంభం నీడ సాగినట్టే ఇదీ సాగుతుంది. దాని పొడవును బట్టి వస్తువు ఎంత ఎత్తుందో లెక్క కట్టొచ్చు. ఇంకో గుర్తు సరళరేఖ. నది అడుగున గుంతలు, గుట్టలు, దుంగలు ఎన్నో ఉంటాయి కానీ ప్రకృతిలో తిన్నని గీతలు, సరిగ్గా మలిచిన మూలలు అరుదు. అలాంటివి కనిపిస్తే ఆపరేటర్ పడవను వెనక్కి తిప్పించి, అదే చోటును వేరే కోణం నుంచి మళ్లీ చూస్తాడు.

ఎంత సన్నని వివరం కావాలంటే అంత హెచ్చు ఫ్రీక్వెన్సీ వాడాలి. అసలు చిక్కు ఇక్కడే. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ వరకే వినిపిస్తే, సైడ్ స్కాన్ పరికరాలు 100 నుంచి 900 కిలోహెర్ట్జ్ వరకు వాడతాయి. 100 దగ్గర వందల మీటర్ల దూరం చూడొచ్చు కానీ బొమ్మ మసకగా ఉంటుంది. 900 దగ్గర తాడు కూడా కనిపించవచ్చు, కానీ చూపు కొన్ని పదుల మీటర్లతో ఆగిపోతుంది. దూరం, స్పష్టత రెండూ ఒకేసారి దొరకవు. అందుకే మొదట మసక బొమ్మతో జల్లెడ పట్టి, అనుమానం ఉన్న చోట దగ్గరికెళ్లి చూస్తారు.

మరి ఆలస్యం ఎందుకు?

ఒక లెక్క వేద్దాం. పది కిలోమీటర్ల పొడవు, పది కిలోమీటర్ల వెడల్పు ఉన్న నీటిని వెతకాలి. పరికరం రెండు వైపులా వంద మీటర్ల చొప్పున చూస్తుందనుకుంటే, పొలం దున్నినట్టు 50 సాళ్లు వేయాలి. మొత్తం 500 కిలోమీటర్ల ప్రయాణం. వేగంగా వెళ్తే పింగ్‌కూ పింగ్‌కూ మధ్య ఖాళీలు మిగులుతాయి కాబట్టి గంటకు ఏడు కిలోమీటర్ల చొప్పున, మనిషి పరుగు కంటే నెమ్మదిగా సాగాలి. అంటే ఆపకుండా వెతికినా మూడు రోజులు. పరికరానికి సరిగ్గా కిందనున్న పట్టీ సరిగ్గా కనబడదు కాబట్టి సాళ్లను ఒకదానిపై ఒకటి పడేలా వేయాలి. అప్పుడు లెక్క ఇంకా పెరుగుతుంది.

నదిలో వెతికే చోటు చిన్నదే, కానీ ప్రవాహం ఊరుకోదు. జీపీఎస్ ఉండేది పైన పడవలో. సోనార్ ఉండేది కేబుల్ చివర, నీటిలో. సుడుల్లో అది పక్కకు కొట్టుకుపోతుంటే, కేబుల్ పొడవును, కోణాన్ని బట్టి అది ఎక్కడుందో అంచనా వేసుకోవాలి. అందుకే ‘జాడ తెలిసింది’ అంటే మ్యాప్ మీద చుక్క పెట్టినట్టు కాదు, ఒక చిన్న వృత్తం గీసినట్టు. ఆ వృత్తంలో కళ్లు మూసుకుని వెతికినట్టే డైవర్ వెతకాలి. 64 మీటర్ల లోతున ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి ఏడు రెట్లు దాటుతుంది. మామూలు స్కూబా పరికరాలతో దిగే లోతు కాదది.

కచ్చులూరులో బోటు ఇసుక, బురదలో కూరుకుపోయింది. హెచ్చు ఫ్రీక్వెన్సీ శబ్దం బురదలోకి చొరబడదు. కాబట్టి పైకి తేలి ఉన్న భాగం ఎంతో బొమ్మ చెబుతుంది కానీ, కూరుకుపోయిన భాగం ఎంతో చెప్పదు. చివరికి కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం, వరద తగ్గాక, ఇనుప రోప్‌లు, లంగర్లతో, డైవర్ల సాయంతో దాన్ని బయటకు లాగింది. ఆ రోజుల్లో ‘ఇంత టెక్నాలజీ ఉండి ఏం లాభం, తాళ్లే దిక్కయ్యాయి’ అన్న మాట తరచూ వినిపించింది. ఆ కోపం అర్థం చేసుకోదగ్గదే. అయితే సోనార్ పని చూపించడం వరకే. లాగాల్సింది తాడే.

ఏడున్నరేళ్ల వెతుకులాట

సముద్రంలో ఇదే కథ ఎన్నో రెట్లు పెద్దది. 2016 జూలై 22న చెన్నై తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 విమానం 29 మందితో బంగాళాఖాతంపై మాయమైంది. వారిలో విశాఖపట్నం నేవల్ ఆర్మమెంట్ డిపోకు చెందిన 8 మంది పౌర ఉద్యోగులు ఉన్నారు. నౌకలు, విమానాలు వారాల తరబడి గాలించినా ఏమీ దొరకలేదు. సెప్టెంబర్‌లో గాలింపు ఆపి, అందరూ మరణించినట్లే భావిస్తున్నామని కుటుంబాలకు తెలియజేశారు.

2024 జనవరిలో రక్షణ శాఖ ఒక ప్రకటన చేసింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, అంటే ఎన్ఐఓటీ, పంపిన మానవరహిత జలాంతర్గత వాహనం 3,400 మీటర్ల లోతున విమాన శకలాలను ఫొటో తీసిందని, అవి ఏఎన్-32 శకలాలతో సరిపోలుతున్నాయని, ఆ ప్రాంతంలో మరో విమానం మాయమైన దాఖలా లేదని ఆ ప్రకటన సారాంశం. ఆ వాహనంలో మల్టీబీమ్ సోనార్, సింథటిక్ అపర్చర్ సోనార్, కెమెరా ఉన్నాయి.

ఆ లోతుకు నౌక నుంచి పింగ్ పంపితే తిరిగి రావడానికి నాలుగున్నర సెకన్లు పడుతుంది. పైనుంచి చూస్తే వివరమూ ఉండదు. అందుకే సోనార్‌నే కిందికి దించాలి. సింథటిక్ అపర్చర్ సోనార్ కదులుతూ వరుసగా పంపిన పింగ్‌లన్నిటినీ కలిపి, చాలా పొడవైన ఒకే పరికరంతో విన్నట్టుగా లెక్క కడుతుంది. దూరం, స్పష్టత రెండూ దొరకవన్న చిక్కును అది కొంతవరకు తప్పిస్తుంది.

పైగా సముద్రపు నీరు అంతటా ఒకేలా ఉండదు. వేడి, ఉప్పు, లోతు మారితే శబ్దం వేగం మారుతుంది, దారి వంగుతుంది. బంగాళాఖాతంలో నదుల నీరు చేరి పైపొర తక్కువ ఉప్పుతో ఉంటుంది, కింద వేరే పొర. వేగాన్ని రెండు శాతం తప్పుగా అనుకున్నా 3,400 మీటర్ల లోతున లెక్క 68 మీటర్లు తప్పుతుంది. అందుకే సర్వేకు ముందు నీటిలోకి ఒక పరికరం దించి, ఏ లోతున శబ్దం ఎంత వేగంగా వెళ్తోందో కొలుస్తారు. జలాంతర్గాములు దాక్కునేది కూడా ఈ పొరల చాటునే.

శబ్దం వదలకుండా కేవలం వినే సోనార్ కూడా ఉంది. విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కుర్సురా లాంటి జలాంతర్గాములకు అదే ముఖ్యం, ఎందుకంటే పింగ్ వదిలితే తామెక్కడున్నామో శత్రువుకు చెప్పినట్టే. విమానాల బ్లాక్ బాక్సుకు అమర్చే బీకన్‌ను కూడా ఇలా విని పట్టుకుంటారు. అది 37.5 కిలోహెర్ట్జ్ వద్ద టిక్ టిక్ మంటుంది. బ్యాటరీ పాతవాటిలో 30 రోజులు, కొత్తవాటిలో 90 రోజులు.

శ్రీశైలం లెక్క కూడా ఇలాగే

ప్రమాదాల సంగతి పక్కన పెడితే, ప్రతి వానాకాలం మీరు వినే ఒక అంకె వెనక కూడా ఈ విద్యే ఉంది. శ్రీశైలం పూర్తి సామర్థ్యం ఇప్పుడు 215.81 టీఎంసీలు. కట్టినప్పటి లెక్క 308 టీఎంసీలు. తేడా అంతా పూడిక. నీరు తోడకుండా పూడిక ఎంతుందో ఎలా తెలుస్తుంది? బోటుకు ఎకో సౌండర్ కట్టి, జలాశయం మీద అటూ ఇటూ తిరుగుతూ లోతులు కొలుస్తారు. మర పడవల్లో మత్స్యకారులు వాడే ఫిష్ ఫైండర్ కూడా ఇలాంటిదే. చేప కడుపులోని గాలితిత్తి ప్రతిధ్వనిని బాగా తిప్పికొడుతుంది కాబట్టి గుంపు కనిపిస్తుంది.

గల్లంతైనవారిని చూపించగలదా?

కాలువలు, చెరువుల దగ్గర అధికారులను కుటుంబాలు అడిగే ప్రశ్న ఇదే. అడుగు చదునుగా ఉండి, లోతు తక్కువైతే హెచ్చు ఫ్రీక్వెన్సీ సోనార్ చూపించగలదు. కానీ మనిషి శరీరంలో ఎక్కువ భాగం నీరే కావడంతో ప్రతిధ్వని బలహీనంగా ఉంటుంది. రాళ్లు, చెట్ల మోళ్లు ఉన్నచోట, ప్రవాహం జోరుగా ఉన్నచోట పోల్చుకోవడం కష్టం. బోటు ఉన్నంత తేలిగ్గా మనిషి జాడ తెలియదు.

గాలింపు ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఎక్కువగా ప్రత్యక్ష సాక్షుల మాట మీదే ఆధారపడుతుంది. ఒడ్డున ఉండి చూసినవారు అక్కడి నుంచి కదలకముందే ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసి, చివరిసారి కనబడిన చోటు ఏ చెట్టుకో, ఏ గుడి గోపురానికో సూటిగా ఉందో గుర్తుపెట్టుకుని, సమయంతో సహా బృందానికి చెబితే, వేయాల్సిన సాళ్లు యాభై నుంచి ఐదుకు తగ్గవచ్చు.