గురకను గాఢనిద్ర అనుకోవద్దు

ఈ పత్రికలో నేను సాధారణంగా పురాణ విషయమో, పర్వదిన నిర్ణయమో వ్రాస్తూ ఉంటాను. ఈ మాసం దంతాలను గురించి, గురకను గురించి వ్రాస్తున్నాను. వైద్యం నా శాస్త్రం కాదు. అయితే ఈ విషయంలో నేనొక తప్పు చేసి ఉన్నాను. తరువాత అదే విషయం నా నోటిలోనే బయటపడింది. తెలుసుకొన్నది నలుగురికీ చెబితే ఆ తప్పుకు కొంతైనా పరిహారం అవుతుందని ఈ ప్రయత్నం.

నాలుగేళ్ళ క్రిందట కార్తికమాసంలో మన ఆలయ మండపంలో రామాయణ ప్రవచనం చేస్తున్నాను. ఆ సాయంకాలం యుద్ధకాండలో కుంభకర్ణుని మేల్కొల్పే ఘట్టం. అతని వద్దకు వెళ్ళబోయిన రాక్షసులను ఆ నిట్టూర్పు గాలియే వెనుకకు నెట్టివేసిందని వాల్మీకి మహర్షి వర్ణించాడు. సరిగ్గా ఆ మాట చెబుతూ ఉండగా, వెనుక స్తంభానికి ఆనుకొని కూర్చున్న ఒక గని కార్మికుడు పెద్దగా గురక పెట్టాడు. నేను ఊరుకోక మైకులోనే, "అదుగో, మన ఖనిలోనూ ఒక కుంభకర్ణుడున్నాడు" అన్నాను. సభ అంతా నవ్వింది. అతడు ఉలిక్కిపడి లేచి, ముఖం తుడుచుకొని, స్వామికి దండం పెట్టుకొని వెళ్ళిపోయాడు. మిగిలిన రోజుల్లో ప్రవచనానికి రాలేదు.

ఆ మరుసటి సంవత్సరం నా క్రింది దవడలో కుడివైపు దంతానికి వేసిన క్యాపు పగిలింది. వేరే ఊరిలో ఒక వైద్యుని వద్ద క్రొత్తది వేయించుకొన్నాను. ఎనిమిది నెలల్లో అదీ పగిలింది. నేను నిద్రలో పళ్ళు కొరుకుతున్నానని చెప్పి, ఆయన రాత్రిపూట పై పళ్ళకు ధరించే ఒక పారదర్శకమైన తొడుగు చేయించి ఇచ్చారు. దీనిని నైట్ గార్డు అంటారు. పళ్ళు ఒకదానితో ఒకటి ఒరిసి అరగకుండా కాపాడుతుంది. శ్రద్ధగానే ధరించాను. అయినా ఉదయం లేచేసరికి తలనొప్పి, నోరు ఎండిపోవడం, సంధ్యావందనానికి కూర్చుంటే కునుకు, ఇవేవీ పోలేదు. వయస్సు మీద పడిందని సరిపెట్టుకొన్నాను.

మూడవసారి గోదావరిఖనిలోనే ఒక యువ దంతవైద్యురాలి వద్దకు వెళ్ళాను. ఆమె పగిలిన క్యాపును చూడక ముందే నాలుక చాపమన్నది. తరువాత నన్ను కాక, నా వెంట వచ్చిన మా ఇంటావిడను అడిగింది: "అమ్మా, పంతులుగారికి గురక వస్తుందా? మధ్యలో ఊపిరి ఆగినట్లు ఉంటుందా?"

మా ఇంటావిడ నిదానంగా, "ఆగుతుందమ్మా. మళ్ళీ తీసుకొనేదాకా చూస్తూ పడుకొంటాను. వయసైన వాళ్ళందరికీ అంతేనేమో అనుకొన్నాను" అన్నది. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఈ మాట ఆమె నాతో ఎన్నడూ అనలేదు. నేనూ అడుగలేదు.

ఆ వైద్యురాలు నా నోటిలో గమనించినవి ఇవి. దవడ పళ్ళ మీద సహజంగా ఉండవలసిన మిట్టలు అరిగి చదునైపోయాయి. నాలుక అంచుల మీద పళ్ళు నొక్కుకొన్న గాట్లు ఉన్నాయి. బుగ్గ లోపలి వైపు పళ్ళు కలిసే చోట ఒక తెల్లని గీత ఉన్నది. పళ్ళు బిగించమని చెవి క్రింద వేళ్ళు పెట్టి చూస్తే నమిలే కండరం ఉబ్బి గట్టిగా తగిలింది. నోరు బాగా తెరిచినా కొండనాలుక కనబడలేదు. నాలుక మొదలే గొంతు ద్వారాన్ని కప్పివేసింది. మొదటి నాలుగు గుర్తులు దంతఘర్షణను సూచిస్తాయి, వైద్యులు దానిని బ్రక్సిజం అంటారు. చివరిది, నాలుక గాట్లతో కలిసి, నిద్రలో శ్వాస ఆగే వ్యాధిని అనుమానింపజేస్తుంది. దాని పేరు స్లీప్ ఆప్నియా.

ఆ వ్యాధి జరిగే తీరు ఇది. నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి. మెడ లావుగా ఉన్నవారికి, గడ్డం వెనుకకు ఉన్నవారికి, నాలుక పెద్దదైనవారికి ఆ సడలింపులో గాలిదారి ఇరుకవుతుంది. ఇరుకు దారిలో గాలి వెళ్ళే చప్పుడే గురక. దారి పూర్తిగా మూసుకొంటే చప్పుడు ఆగిపోతుంది. మనం అప్పుడే "ఇప్పుడు హాయిగా పడుకొన్నాడు" అనుకొంటాము. నిజానికి అప్పుడే రక్తంలో ప్రాణవాయువు తగ్గుతూ ఉంటుంది. మెదడు ప్రమాదాన్ని గ్రహించి సగం మేల్కొలుపుతుంది. మనిషి ఒక్కసారిగా గురకతో ఊపిరి తీసుకొంటాడు, తెల్లవారితే అది అతనికి గుర్తుండదు. అట్టి సగం మెలకువల సమయంలోనే కొందరి దవడలు బిగుసుకొని పళ్ళు కొరుకుతాయి. అందరికీ కాదు. మనోవ్యథ వల్ల, అతిగా కాఫీ వల్ల, పొగాకు వల్ల, కొన్ని మందుల వల్ల కూడా పళ్ళు కొరుకుతారు. కనుక ఒక వ్యాధి కనబడితే రెండవది ఉందేమో వెదకాలి, ఉన్నదని ముందే తీర్పు చెప్పరాదు.

వెదకకుండా తొడుగు మాత్రమే ఇస్తే చిక్కు ఏమిటి? కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు 2004లో పది మంది ఆప్నియా రోగులను పరిశీలించారు. పై పళ్ళకు మామూలు తొడుగు ధరించిన రాత్రి వారిలో కొందరికి శ్వాస ఆగడం మరింత పెరిగింది. పదిమందితో సర్వజన సిద్ధాంతం చేయలేము. అయినా నా తొడుగు పళ్ళను కాపాడి, ఊపిరిని గాలికి వదిలివేసిందన్నది మాత్రం నా అనుభవం.

చరక మహర్షి శరీరాన్ని నిలిపే మూడు ఉపస్తంభాలలో ఆహారం తరువాత నిద్రనే చెప్పాడు. సూత్రస్థానం ఇరువది ఒకటవ అధ్యాయంలో అతిస్థౌల్యాన్ని, నిద్రను ఒకేచోట చర్చించాడు. ఆ అధ్యాయాన్ని విద్యార్థులకు చాలాసార్లు పాఠం చెప్పాను. ఆ రెండూ ఒకచోట ఎందుకున్నవని ఒక్కసారైనా ఆలోచించలేదు.

మన బొగ్గుబావుల ప్రాంతంలో దంతపరీక్షకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. భూగర్భ గనిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకొనిపోరాదు. అది ప్రాణరక్షణ నియమం. అందువల్ల చాలామంది తంబాకు, వక్క, గుట్కా నమలడానికి అలవాటుపడ్డారు. వక్క నమిలినా పళ్ళు అరుగుతాయి. కడుపులోని పులుపు పైకి తన్నినా అరుగుతాయి. అరిగిన పళ్ళను చూసి ఇది నిద్రలో కొరికినదా, పగలు నమిలినదా అని తేల్చడానికి వైద్యుడు అలవాట్లన్నీ అడుగుతాడు. అక్కడ సిగ్గుపడి దాచవద్దు. గుట్కా వల్ల నోరు సరిగా తెరుచుకోని వారికైతే చికిత్స పరికరాల కొలతలు తీయడం కూడా కష్టమవుతుంది.

రోగ నిర్ణయం దంతవైద్యుడు ఒక్కడే చేసేది కాదు. ఆయన అనుమానించి, ఊపిరితిత్తుల వైద్యుని వద్దకో, చెవి ముక్కు గొంతు వైద్యుని వద్దకో పంపుతాడు. అక్కడ నిద్ర పరీక్ష జరుగుతుంది. నాకు ఇంట్లోనే చేశారు. ముక్కు దగ్గర ఒక సన్నని గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు పెట్టుకొని ఒక రాత్రి పడుకోవడమే. గంటకు ఎన్నిసార్లు శ్వాస కనీసం పది సెకన్లపాటు ఆగిందో, బాగా తగ్గిందో లెక్కిస్తారు. 5 లోపు ఉంటే భయం లేదు. 5 నుండి 15 వరకు స్వల్పం, 30 వరకు మధ్యమం, ఆపైన తీవ్రం. నాకు 27 వచ్చింది. అంటే సుమారు రెండు నిమిషాలకొకసారి నా నిద్రకు భంగం కలుగుతున్నది, నేనేమో ఎనిమిది గంటలు పడుకొన్నానని తృప్తిపడుతున్నాను.

చికిత్సలో ప్రధానమైనది సీప్యాప్ యంత్రం. సిడ్నీకి చెందిన వైద్యుడు కాలిన్ సలివన్ 1981లో దీనిని లోకానికి తెలిపాడు. ముక్కుకు మాస్కు పెట్టుకొంటే యంత్రం మెత్తని ఒత్తిడితో గాలి పంపుతూ గొంతు మూసుకొనకుండా నిలుపుతుంది. దీనిని ఓర్చుకోలేని వారికి, వ్యాధి స్వల్పంగానో మధ్యమంగానో ఉన్నవారికి, దంతవైద్యుడు మరొక పరికరం చేస్తాడు. పై పళ్ళకు ఒకటి, క్రింది పళ్ళకు ఒకటి పట్టుకొని, క్రింది దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు నిలుపుతుంది. దవడతోపాటు నాలుకా ముందుకు వస్తుంది. నేను యంత్రాన్ని నెల రోజులు ప్రయత్నించి నిద్రపట్టక, ఈ పరికరానికే వచ్చాను. మొదట్లో లాలాజలం కారింది, దవడలు నొచ్చాయి. పళ్ళు కలిసే తీరు మారకుండా ఆరునెలలకొకసారి చూపించుకోవాలి. దానిని ధరించి మరల పరీక్ష చేయించుకొంటే 9 వచ్చింది. ఈ రెండవ పరీక్షను మానవద్దు. గురక తగ్గినంత మాత్రాన వ్యాధి తగ్గినట్లు కాదు. బరువు తగ్గించుకోవడం, ప్రక్కకు తిరిగి పడుకోవడం, పడుకొనే ముందు మద్యం మానడం అందరికీ మేలు. వైద్యుని అడుగకుండా నిద్రమాత్రలు మాత్రం వేసుకోరాదు.

పిల్లల మాట ఒకటి. పిల్లలు పళ్ళు కొరికితే కడుపులో నులిపురుగులని మన పెద్దలు అంటారు. నులిపురుగుల మందు ఇప్పించండి, తప్పులేదు. కానీ కొరకడంతోపాటు గురక, నోటితో ఊపిరి ఉంటే గొంతులో టాన్సిల్స్ చూపించాలి.

ఇక ఆ కార్మిక సోదరుని సంగతి. నా పరీక్ష ఫలితం వచ్చిన నాడే అతడు గుర్తుకు వచ్చాడు. విచారించి, సింగరేణి క్వార్టర్లలో అతని ఇంటికి వెళ్ళాను. ఓపెన్‌కాస్టులో డంపర్ ఆపరేటర్. వంద టన్నులు మోసే బండి. ఆనాడు రాత్రి షిఫ్టు దిగి, పగలు కునుకు తీసి, ప్రవచనానికి వచ్చాడట. నేను క్షమాపణ చెప్పబోతే వారించి, "అయ్యగారూ, మీరన్నదేం లేదు. బండి మీద గూడ కన్ను అంటుకపోతది, అదే భయం" అన్నాడు. డాక్టరుకు చెబితే బండి మీది నుండి దించివేస్తారని ఎవరికీ చెప్పలేదట. షిఫ్టుల వల్ల వచ్చిన నిద్రలేమి అనుకొన్నాడు. అది కూడా నిజమే కావచ్చును. కానీ భార్యను అడిగితే మా ఇంటావిడ చెప్పిన మాటే చెప్పింది. అతని పళ్ళూ నా పళ్ళలాగే అరిగి ఉన్నాయి. పరీక్షలో 46 వచ్చింది.

ఇప్పుడు యంత్రం వాడుతున్నాడు. రాత్రి షిఫ్టు చేసిన రోజు పగటి నిద్రలోనూ పెట్టుకోవాలి. నిద్ర ఎప్పుడైతే యంత్రం అప్పుడు. మన ఊరి బొగ్గుధూళికి ఫిల్టరు త్వరగా నల్లబడుతుంది, వారం వారం చూసుకోవాలని అతడే నాకు చెప్పాడు.

మొన్న కార్తికంలో అయ్యప్ప మాల వేసుకొని నా దగ్గరకు వచ్చాడు. దీక్షలో నేల మీద పడుకోవాలి కదా, ఈ మిషను పెట్టుకోవచ్చునా అని సందేహం. ఊపిరి తీసుకోవడం భోగం కాదని, నిరభ్యంతరంగా పెట్టుకొమ్మని చెప్పాను. చాప ప్రక్కన చిన్న పీట వేసి, దానిమీద యంత్రం ఉంచుకొని, నలభై ఒక్క రోజులూ అలాగే పడుకొన్నాడు.