పొగ పోయే దారి

తెల్లవారుజామున పల్లెలో ఏ ఇంటి చూరు నుండి పొగ లేచినా, ఆ ఇంట పొయ్యి రాజుకున్నదని దారిన పోయేవారు గ్రహిస్తారు. చూరు దాటి బయటపడేలోగా ఆ పొగ ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలికి మాత్రమే తెలుసు. తడికట్టె ఒక పట్టాన అంటుకోదు. ఊదుగొట్టంతో ఊదినకొద్దీ కళ్ళు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. గోడలకు పట్టిన మసిని పండుగ వచ్చినప్పుడు సున్నంతో కప్పవచ్చు. ఊపిరితిత్తులకు పట్టినదానిని కప్పే ఉపాయం లేదు.

ఈ పొగ చేసే హానిని వైద్యులు గుర్తించి చాలా కాలమైంది. ఊపిరితిత్తులు చెడి, ఆ భారం మీద పడి గుండె కుడిభాగం దెబ్బతినే వ్యాధిని గురించి 1950లలో డాక్టర్ ఎస్. పద్మావతి ఢిల్లీలో పరిశీలనలు జరిపారు. పొగాకు తాగే అలవాటు ఎక్కువగా పురుషులదే అయినా, ఈ వ్యాధి స్త్రీలలోనూ ఇంచుమించు అంతగానే కనిపించడం ఆమెను ఆలోచింపజేసింది. 1959లో వెలువడిన పరిశోధన పత్రంలో వంటింటి పొగ కూడా ఒక కారణంగా చర్చకు వచ్చింది. 1980ల ఆరంభంలో కిర్క్ స్మిత్ అనే అమెరికన్ శాస్త్రవేత్త భారతీయ సహచరులతో కలిసి గుజరాత్ పల్లెలకు వెళ్ళి, వంట చేస్తున్న స్త్రీలు పీల్చే గాలిని పరికరాలతో కొలిచాడు. నగరాల రద్దీ వీధులలో కూడా కానరానంత పొగధూళి ఆ గాలిలో ఉన్నదని తేలింది. వంటింటి పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా 32 లక్షల మంది మరణించి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

విరుగుడు కూడా కొత్తది కాదు. గాంధీజీ గ్రామ పరిశ్రమల కేంద్రమైన వార్ధాలోని మగన్‌వాడీ పేరున మగన్ చుల్హా వచ్చింది. హైదరాబాదులోని ఇంజనీరింగ్ పరిశోధనశాలకు చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు మట్టితోనే కట్టుకోదగిన, గొట్టం గల పొయ్యిని రూపొందించి, 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అనే పుస్తకం ప్రకటించారు. ఒకే మంటపై వరుసగా కుండలు, చివరన పొగగొట్టం: ఇదీ ఆ పొయ్యి స్వరూపం. ముందు కుండ కింద మండిన వేడి వెనుక కుండను కూడా కాచి, పొగ మాత్రం గొట్టం వెంట కప్పు దాటి పోతుంది. కొనవలసిన సామగ్రి బహు స్వల్పం. ఇంత చవకైన పరికరం దేశమంతా ఎందుకు వ్యాపించలేదు? వ్యాపించిన చోట ఎందుకు నిలవలేదు?

జవాబు గొట్టంలోనే ఉన్నది. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. దాని స్థానంలోకి పొయ్యి నోటి నుండి చల్లగాలి వచ్చి చేరుతుంది. ఈ లాగుడు బలమంతా గొట్టం ఎత్తుపైన, లోపలి వేడిపైన, దారి ఎంత తెరిపిగా ఉన్నదన్న దానిపైన ఆధారపడి ఉంటుంది. తడికట్టె, పిడక మండినప్పుడు పొగతోపాటు జిగురు వంటి పదార్థం పైకి పోయి, గొట్టపు చల్లని గోడలకు అంటుకొని గడ్డకడుతుంది. దానిపై మసి పేరుతుంది. నాలుగంగుళాల గొట్టంలో చుట్టూ అరంగుళం మసి పట్టినదనుకుందాం. వ్యాసం మూడంగుళాలకు తగ్గుతుంది. పొగ పోయే వైశాల్యం మాత్రం ఇంచుమించు సగానికి పడిపోతుంది. అప్పుడు పొయ్యి ముందుకే పొగ చిమ్ముతుంది. ఇల్లాలు పొయ్యిని నిందిస్తుంది. పొయ్యి తప్పేమీ లేదు.

మరికొన్ని లోపాలు కట్టినప్పుడే వచ్చిపడతాయి. గొట్టం కప్పు శిఖరం కంటె ఎత్తుగా లేకపోతే, కప్పు మీద తిరగబడిన గాలి పొగను వెనక్కు నెడుతుంది. పైన మూకుడు లేకపోతే వానకు గొట్టం తడిసి, మట్టి కరిగి, అడుగున బురద చేరుతుంది. తాటాకు కప్పులో నుండి గొట్టం పోయే చోట చుట్టూ మట్టి దిమ్మ కట్టకపోతే నిప్పు భయం ఉండనే ఉన్నది. వీటన్నిటికంటె తరచు జరిగే పొరపాటు మరొకటి: గొట్టం పెట్టాము కదా అని కిటికీ మూసివేయడం. లోపలికి గాలి రానిదే బయటికి పొగ పోదు. మంచి పొయ్యికి కూడా చూరు కింద ఒక సందు, నేలకు దగ్గరగా మరొక సందు కావాలి.

1983లో ప్రయోగాత్మకంగా మొదలై, ఆ తర్వాత దేశమంతటికీ విస్తరించిన జాతీయ మెరుగు పొయ్యిల పథకం 2002 వరకు సాగింది. ప్రభుత్వ లెక్కల ప్రకారం సుమారు మూడున్నర కోట్ల పొయ్యిలు కట్టించారు. అంత విస్తృతమైన ప్రయత్నాన్ని తేలికగా కొట్టివేయరాదు. అయితే ఆ పథకం లెక్క పెట్టింది కట్టిన పొయ్యిలను. రెండేళ్ళ తర్వాత వాటిలో ఎన్నిటికి గొట్టం తుడిచారు, ఎన్నిటికి పగుళ్ళు పూడ్చారు అన్నది ఎవరి ఖాతాలోనూ ప్రధానాంశం కాలేదు. ఒక కొత్త పొయ్యికి డబ్బు మంజూరు చేయడం కార్యాలయానికి సులభం. పాత పొయ్యికి పిడికెడు బంకమట్టి పూయించడానికి ఏ పద్దూ ఉండదు.

ఒడిశాలో రెమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు జరిపిన అధ్యయనం ఈ సంగతినే అంకెలలో చూపింది. 44 గ్రామాలలో సుమారు 2,600 కుటుంబాలను వారు నాలుగేళ్ళపాటు గమనించారు. గొట్టంతో కూడిన మట్టిపొయ్యి కట్టించిన మొదటి ఏడాది, వంట చేసేవారు పీల్చే పొగ తగ్గింది. ఆ పైన ఆ తేడా మాసిపోయింది. ఆరోగ్యంలోను, కట్టెల ఖర్చులోను చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ప్రయోగశాలలో గెలిచిన పొయ్యి వంటింట్లో ఓడిపోవడానికి కారణం, మరమ్మతు సరిగా చేయకపోవడం, వాడకం క్రమేణా తగ్గిపోవడం. 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో డఫ్లో ఒకరు.

ఇందుకు భిన్నమైన అనుభవం ఒకటి 1980 ప్రాంతంలో హర్యానాలో కనిపించింది. చండీగఢ్ సమీపంలోని నాడా గ్రామంలో మధు సరీన్ అనే వాస్తుశిల్పి అక్కడి స్త్రీలతో కలిసి రూపొందించిన పొయ్యికి నాడా చుల్హా అని పేరు వచ్చింది. పొయ్యి కట్టే పనిని ఆ స్త్రీలకే నేర్పారు. కట్టడం తెలిసిన చేతికి బాగుచేయడం కొత్తగా నేర్పనక్కరలేదు. పక్కింటి పొయ్యి పొగ కక్కితే పట్నం నుండి మేస్త్రీ రావలసిన అవసరం లేదు.

కాలం మారినకొద్దీ పొయ్యి కూడా యంత్రమయింది. తెలుగునాట రంపపు పొట్టును డబ్బాలో దట్టంగా కూరి, నడుమ రంధ్రం విడిచి మండించే పొట్టుపొయ్యి చాలామందికి తెలిసినదే. వ్యర్థాన్ని ఇంధనంగా మార్చే ఆ ఆలోచనకే శాస్త్రీయ రూపం గుళికల పొయ్యి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధన ఆధారంగా 2006లో ‘ఊర్జా’ అనే పొయ్యి అంగళ్ళకు వచ్చింది. పంట వ్యర్థాలను నొక్కి చేసిన గుళికలను అందులో నింపి పైనుండి అంటిస్తారు. చిన్న విద్యుత్ పంకా అడుగునుండి కొద్దిగా గాలి పంపితే గుళికలు వాయువుగా మారుతాయి. పై అంచు రంధ్రాల గుండా వచ్చే గాలితో ఆ వాయువు దాదాపు పొగ లేకుండా మండుతుంది. నాలుగు లక్షలకు పైగా అమ్ముడైన ఆ పొయ్యి చివరకు చాలా ఇళ్ళలో మూలబడింది. గుళికల ధర పెరిగింది, సరఫరా కుంటుపడింది, చెడిపోయిన పొయ్యిని బాగుచేసేవారు దగ్గరలో కరువయ్యారు.

దాని అవసరాలు పెద్దవేమీ కావు. జల్లెడ రంధ్రాలలో గట్టిపడిన బూడిదను ప్రతి వంట తర్వాత గీకి తీయాలి. లేకుంటే గాలి అందక మంట పొగగా మారుతుంది. బ్యాటరీ నీరసించి పంకా మెల్లబడినా ఇదే లక్షణం. మంట నడుమ గుళికలు గుమ్మరిస్తే వంటిల్లంతా పొగే. ఇంకొక జాగ్రత్త ప్రాణాలకు సంబంధించినది. పొగ కనిపించకపోయినా, చివర మిగిలిన నిప్పుల నుండి కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కనుక ఈ పొయ్యిని, నిప్పుల కుంపటిని తలుపులు మూసిన గదిలో ఎన్నడూ ఉంచరాదు. చలిదేశాలలో ఇళ్ళను వెచ్చబరచే పెద్ద గుళికల పొయ్యిలకు గొట్టమూ, పొగను బయటికి నెట్టే పంకా కూడా ఉంటాయి. వాటికి సైతం ఏటా గొట్టం తుడిపించడం, తలుపు అంచున గాలి చొరబడకుండా ఉండే తాడును అరిగినప్పుడు మార్చడం తప్పదు.

ఇప్పుడు గ్యాసు వచ్చింది కదా అనవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకం పేద ఇళ్ళకు సిలిండరును చేర్చాయి. ఉజ్జ్వల కింద ఇచ్చిన కనెక్షన్లు పది కోట్లు దాటాయి. ఇది నిస్సందేహంగా గొప్ప మార్పు. అయినా సిలిండరు నిండుకున్న నాడు, స్నానానికి నీళ్ళు కాచేటప్పుడు, పశువులకు కుడితి మరిగించేటప్పుడు చాలా ఇళ్ళలో కట్టెల పొయ్యే వెలుగుతున్నది. వెలిగినంత కాలం దానికి సేవ కావలసిందే.

ఆ సేవకు చదువు, సొమ్ము అక్కరలేదు. నెలకొకసారి, పొయ్యి పూర్తిగా చల్లారిన తర్వాత, పొడవైన కర్ర చివర కొబ్బరిపీచు గాని గోనెగుడ్డ గాని కట్టి గొట్టంలో పైనుండి కిందికి దూయాలి. అడుగున రాలిన మసిని తీసివేయాలి. పగుళ్ళను తడిపి, బంకమట్టిలో తరిగిన గడ్డి, పేడ కలిపి పూడ్చాలి. వాటిని నీడన ఆరనివ్వాలి, వెంటనే మంట పెట్టరాదు. ఆ తర్వాత పొయ్యి వెలిగించి, గొట్టం కాస్త వేడెక్కాక, చిన్న కాగితపు ముక్క అంటించి పొయ్యి నోటి దగ్గర పట్టుకొని చూడాలి. మంట లోపలికి వంగితే గొట్టం పొగను లాగుతున్నట్లే. బయటికి వంగితే మసి ఇంకా ఎక్కడో అడ్డుపడి ఉన్నది. పొయ్యి చల్లారనిచ్చి మళ్ళీ దూయాలి.